మధుమేహ సమస్యలను ముందే చెబుతామనే జన్యు పరీక్ష: ఒక సమీక్ష

లాలాజల నమూనా తీసుకుని, మధుమేహం వల్ల కిడ్నీలు, కళ్లు, నరాలు దెబ్బతినే ముప్పును అంచనా వేస్తామనే ఒక సంస్థ సేవను మా నాన్నగారి కోసం తీసుకున్నాను. నమూనా ఇవ్వడం తేలిక. ఫోనులో మాట్లాడిన సలహాదారు తెలుగులో ఓపికగా వివరించారు.

వాళ్లిచ్చిన నివేదికలో మధుమేహం వచ్చే అవకాశాన్ని చెప్పే భాగానికి గట్టి ఆధారమే ఉంది. టీసీఎఫ్7ఎల్2 జన్యువుకు టైప్ 2 మధుమేహంతో ఉన్న సంబంధాన్ని ఐస్‌లాండ్ పరిశోధకులు 2006లో వెల్లడించగా, మరుసటి ఏడాదే హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు భారతీయులలోనూ దాన్ని నిర్ధారించారు. కానీ జబ్బు ఎప్పుడో వచ్చేసిన మనిషికి ఆ సమాచారంతో ప్రయోజనం తక్కువ.

అసలు చిక్కంతా ఇన్‌ఫ్లమేషన్ (శరీరంలో వాపు, మంట పుట్టించే ప్రతిస్పందన) జన్యువుల భాగంలో ఉంది. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే టీఎన్‌ఎఫ్ ఆల్ఫా, ఐఎల్-6 వంటి ప్రొటీన్లు పెరిగి, రక్తనాళాల లోపలి పొరకూ, కిడ్నీలలోని వడపోత భాగాలకూ హాని చేస్తాయన్నది నిజమే. అయితే ఆ ప్రొటీన్ల జన్యువులలో ఒక్కో డీఎన్‌ఏ అక్షరం తేడాను పట్టుకుని ఒక వ్యక్తి కిడ్నీల భవిష్యత్తును చెప్పగల స్థితి లేదు. ఈ తేడాలపై వేర్వేరు జనాభాలలో జరిగిన అధ్యయనాల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. నివేదిక ఆ మాట ఎక్కడా చెప్పకుండా ‘అధిక ముప్పు’ అని ఎర్ర రంగులో అచ్చువేసింది. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెర) ఎంత, బీపీ ఎంత, జబ్బు వచ్చి ఎన్నేళ్లయింది అని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆ ఎరుపు చూసి, కిడ్నీలు పోవడం ఖాయమని నాన్నగారు దిగులుపడ్డారు. నాకు బాధ కలిగించింది ఇదే.

మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పరీక్ష, ఏటా రెటీనా పరీక్ష, పాదాల స్పర్శ పరీక్ష జరిగిన నష్టాన్ని నేరుగా చూపిస్తాయి, ఖర్చూ తక్కువ. చక్కెరను గట్టిగా అదుపులో ఉంచితే చిన్న రక్తనాళాల సమస్యలు సుమారు 25 శాతం తగ్గుతాయని బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ అధ్యయనం 1998లోనే తేల్చింది. మా డాక్టరుగారు నివేదికను పక్కనపెట్టి ఈ పరీక్షలే రాశారు.

జన్యు పరీక్ష చికిత్సను మార్చే సందర్భాలు లేకపోలేదు. చిన్న వయసులోనే, తరతరాలుగా వచ్చే ‘మోడీ’ (MODY) అనే రకం మధుమేహంలో హెచ్‌ఎన్‌ఎఫ్1ఏ జన్యులోపం బయటపడితే, చాలామందికి ఇన్సులిన్ బదులు సల్ఫోనైల్‌యూరియా మాత్రలు సరిపోతాయి. ఈ కిట్టు ఆ జన్యువును చదవదు కాబట్టి, అలాంటి కుటుంబాలకు కూడా దీన్ని నేను సిఫారసు చేయను.