హాలోవీన్ రాత్రి భయపడాలంటే ఏది మేలు: యూనివర్సలా, నాట్స్ బెర్రీ ఫామా?

దక్షిణ కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళు ఈ హాలోవీన్ సీజన్‌లో ఒక్క రాత్రికే థీమ్ పార్కు టికెట్ కొనగలిగితే, నేను నాట్స్ బెర్రీ ఫామ్‌కే వెళ్ళమంటాను. యూనివర్సల్ స్టూడియోస్ పేరు పెద్దది. ఇండియా నుంచి వచ్చిన చుట్టాలు కూడా ముందు దాని పేరే ఎత్తుతారు. అక్కడి హాలోవీన్ హారర్ నైట్స్ నిజంగానే గొప్పగా ఉంటుంది. కానీ భయపడటానికే వెళ్తున్నప్పుడు లెక్క వేరు.

రెండింటికీ కలిసే విషయాలు ముందు చెప్పేస్తాను. పగటి టికెట్‌తో రాత్రి దాకా ఉండిపోవచ్చని చాలామంది అనుకుంటారు, కుదరదు. సాయంత్రం పార్కు ఖాళీ చేయించి మళ్ళీ తెరుస్తారు, దానికి టికెట్ వేరు. మీరు వేషాలు, మాస్కులు వేసుకుని వెళ్ళకూడదు. దెయ్యాల వేషం వేసినవాళ్ళు ఎంత మీదికొచ్చినా ఒంటిమీద చెయ్యి వేయరు, మీరూ వేయకూడదు. 13 ఏళ్ళలోపు పిల్లల్ని తీసుకురావద్దని రెండు పార్కులూ చెప్తాయి.

యూనివర్సల్ బలం సెట్లు. సినిమా తీసే చోటే కాబట్టి గోడల మీద చెమ్మ, వంటింట్లో కుళ్ళిన సామాను, చివరికి వాసన కూడా వదలకుండా పెడతారు. పేరున్న సినిమాలు, సిరీస్‌లు, వీడియో గేమ్‌ల కథల్లోకి నడిచి వెళ్ళొచ్చు. టెర్రర్ ట్రామ్ ఒక్కటి చాలు వెళ్ళడానికి. పగలు టూర్‌లో బండి దిగకుండా చూసే బ్యాక్‌లాట్‌లో, అంటే షూటింగుల కోసం ఆరుబయట వేసిన సెట్ల మధ్య, రాత్రి మిమ్మల్ని దింపేసి నడిపిస్తారు. 1960 నాటి ‘సైకో’ ఇల్లు, ముక్కలైన నిజమైన బోయింగ్ 747 విమానం, వాటి మధ్య రంపాల చప్పుడు. సినిమా పిచ్చి ఉన్నవాళ్ళకి ఇది మరెక్కడా దొరకదు.

ఇబ్బందల్లా టైమ్‌తోనే. ఒక్కో దెయ్యాల ఇల్లు (దీన్నే మేజ్ అంటారు) నడిచి బయటపడటానికి పట్టేది కొన్ని నిమిషాలే. శని, ఆదివారాల్లో, అందులోనూ హాలోవీన్ దగ్గర పడ్డాక, క్యూ గంట దాటడం మామూలే. గుండె దడదడలాడుతూ బయటికి వచ్చి, మళ్ళీ గంటసేపు ఫోన్ చూసుకుంటూ నిలబడితే ఆ వేడి కాస్తా చల్లారిపోతుంది. ఎక్స్‌ప్రెస్ పాస్ కొంటే ఈ బాధ చాలావరకు పోతుంది. కానీ దాని ధర మామూలు టికెట్‌కి రెట్టింపు పైనే ఉంటుంది. నలుగురున్న కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు.

నాట్స్‌లో కూడా క్యూలు ఉంటాయి. తేడా ఏమిటంటే అక్కడ దారి కూడా భయపెడుతుంది. అక్కడి హాలోవీన్ వేడుక ‘నాట్స్ స్కేరీ ఫామ్’ 1973లో మొదలైంది, థీమ్ పార్కుల్లో హాలోవీన్ భయానికి దారి చూపింది వాళ్ళే. దానికి గుండెకాయ ఘోస్ట్ టౌన్. వాల్టర్ నాట్ 1940లో కట్టించడం మొదలుపెట్టిన పాత కౌబాయ్‌ల ఊరు, చెక్క ఇళ్ళు, గుర్రపు బండ్లు. రాత్రికి ఆ వీధి అంతా పొగ నింపేస్తారు, నాలుగడుగుల అవతల ఎవరున్నారో తెలియదు.

స్లైడర్లని చూడాల్సింది అక్కడే. మోకాళ్ళకి, గ్లవ్స్‌కి లోహపు పలకలు కట్టుకుని ఉంటారు. పొగలో దూరంగా పరుగు చప్పుడు వినిపిస్తుంది, ఆగుతుంది. మరుక్షణం మోకాళ్ళ మీద నేలని గీసుకుంటూ, నిప్పురవ్వలు ఎగజిమ్ముతూ సరిగ్గా మీ కాళ్ళ దగ్గరికి జారుకుంటూ వస్తారు. బోనాల్లో పోతురాజు కొరడా ఝళిపిస్తూ ఎదురొస్తే భయపడుతూనే నవ్వుతూ పరుగెత్తే పిల్లల్లా అయిపోతారు పెద్దవాళ్ళు కూడా. టికెట్ డబ్బులు ఈ వీధిలోనే వసూలైపోతాయని నా నమ్మకం. మేజ్‌లు రెండు మూడు తగ్గినా బాధ ఉండదు.

మేజ్‌ల్లోకి వెళ్ళినప్పుడు, ఏ పార్కులోనైనా సరే, ఒక పని చేయండి. అక్కడి పద్ధతి ఏమిటంటే, ఒక పక్క బొమ్మనో మెరిసే లైటునో పెట్టి మీ చూపు అటు తిప్పుతారు, ఇంకో పక్క తెర వెనక నుంచి మనిషి దూకుతాడు. జనం రైలు పెట్టెల్లా అంటుకుని నడుస్తుంటే ముందున్నవాడికి భయం, వెనకున్నవాళ్ళకి దూకిన మనిషి వెనక్కి వెళ్తున్న దృశ్యం మిగులుతాయి. అందుకే కాస్త నెమ్మదించి, ముందువాళ్ళకీ మీకూ మధ్య ఖాళీ ఉంచుకోండి. ఆ ఖాళీ కోసమే తెర వెనక మనిషి ఎదురుచూస్తుంటాడు.

ఏ పార్కుకైనా సెప్టెంబరు చివర్లో, గురువారం వెళ్ళడం మంచిది. టికెట్ చౌక, జనం తక్కువ. నాట్స్‌కి వెళ్తే మనవాళ్ళకి ఇంకో సుఖం కూడా ఉంది. దగ్గర్లోనే ఆర్టీషియా, పయొనీర్ బులవార్డ్ మీద వరసగా ఇండియన్ హోటళ్ళు. శాకాహారులు అక్కడే కడుపునిండా తిని వెళ్ళండి. లోపల బాయ్‌సెన్‌బెర్రీ పండుతో చేసే ‘పై’ (pie) మాత్రం వదలకండి, ఆ పండుని జనానికి అలవాటు చేసిందే ఆ ఫామ్.

ఫ్లోరిడా వైపు ఉన్నవాళ్ళకి నా సలహా పూర్తిగా మారుతుంది. ఓర్లాండో యూనివర్సల్‌లో 1991 నుంచి జరుగుతున్న హారర్ నైట్స్‌లో సినిమా కథలతో పాటు వాళ్ళు సొంతంగా అల్లిన కథల ఇళ్ళు కూడా ఉంటాయి, వీధుల్లో భయానికీ కొదవ లేదు. అక్కడైతే యూనివర్సల్‌కే నా ఓటు.

ఆస్తమా, గుండె జబ్బు, మూర్ఛ ఉన్నవాళ్ళు, గర్భిణులు ఎక్కడికీ వెళ్ళకపోవడమే మంచిది. పొగ, టపటపా కొట్టే లైట్లు ప్రతి మలుపులోనూ ఉంటాయి. ఆర్నెల్లకని వచ్చిన అమ్మానాన్నల్ని మొహమాటానికి లాక్కెళ్ళకండి. చిన్న పిల్లలుంటే అనహైమ్‌లో డిస్నీ కాలిఫోర్నియా అడ్వెంచర్‌లో జరిగే ఊగీ బూగీ బాష్ అనే హాలోవీన్ పార్టీకి వెళ్ళండి. అక్కడ పిల్లలతో పాటు పెద్దలూ వేషాలు వేసుకోవచ్చు, సంచుల నిండా క్యాండీ ఇస్తారు. టికెట్లు మాత్రం అమ్మకానికి పెట్టగానే చకచకా అయిపోతాయి, వేసవిలోనే ఓ కన్నేసి ఉంచండి.