మారేడుమిల్లి 'ఫారెస్ట్ ట్రెక్' ప్యాకేజీలు: అడ్వాన్స్ కట్టేముందు చదవండి

సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలు, మారేడుమిల్లి ట్రెక్ ప్యాకేజీల పోస్టర్లు వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం మొదలవుతుంది. మేం అలాంటిదొకటి కొనుక్కుని బాగా దెబ్బతిన్నాం. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. అయినా వీళ్లు సీజన్‌కో పేరు పెట్టుకుంటారు. పేరు కన్నా పద్ధతి తెలిస్తేనే మీకు ఉపయోగం.

పోస్టర్‌లో ఉన్నది ఇదీ: మారేడుమిల్లి కొండల మీద నుంచి అడవిలో నడుచుకుంటూ, వాగులు దాటుకుంటూ పాపికొండల దగ్గర గోదావరి లోయలోకి దిగడం. అటవీశాఖ అనుమతి, సర్టిఫైడ్ గైడ్, వాగు ఒడ్డున టెంట్లలో బస, రాత్రికి బొంగు చికెన్. తలకు 6,500 రూపాయలు. వరిచేల మధ్య పుట్టి పెరిగినవాళ్లకి కొండ మీద నడక అంటేనే నోరూరుతుంది. రాజమండ్రి నుంచి సుమారు 85 కిలోమీటర్లే కదా అని అందరం సరేనన్నాం.

అసలు ఆ దారి ఎవరంటే వాళ్లు అమ్ముకునేది కాదు. పాపికొండలు 2008లో జాతీయ పార్కు అయ్యాయి. విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్ల పైమాటే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేనిదే పార్కులో అడుగు పెట్టకూడదు. పెడితే కేసు పోస్టర్ వేసినవాడి మీదే కాదు, లోపల నడిచినవాడి మీదా అవుతుంది. ఈ సంగతి ప్యాకేజీ అమ్మేవాళ్లెవరూ చెప్పరు.

పర్మిషన్ కాగితం చూపించమంటే గైడ్ అనే కుర్రాడు ఫోన్‌లో ఒక ఫోటో చూపించాడు. పెద్దది చేసి చూస్తే అది ఒక జలపాతం దగ్గర వాహనం పెట్టుకున్నందుకు ఇచ్చిన రసీదు. తేదీ పాత సంవత్సరానిది, బండి నంబరు మాది కాదు. 'అదే అన్నా, అదే చెల్లుతుంది' అన్నాడు. తర్వాత తెలిసింది, అతను టౌన్ నుంచి వచ్చిన వ్యాన్ డ్రైవర్ అని. ఘాట్ రోడ్డు తప్ప అడవిలో దారి అతనికీ తెలియదు. కాసేపు రోడ్డు పక్క వెదుళ్లలో తిప్పి, మళ్లీ తారు రోడ్డు ఎక్కించాడు. ఎదురొచ్చిన కొండరెడ్డి తెగ పెద్దాయన ఒకరు ఎక్కడికని అడిగి, మా జవాబు విని నవ్వేశారు. 'ఇటు నుంచి గోదారికి ఎవరూ నడవరు బాబూ. వ్యాన్ ఎక్కి రంపచోడవరం మీదుగా తిరిగి పోండి.'

చివరికి జరిగింది అదే. 'లోయలోకి దిగడం' అంటే వ్యాన్‌లో రంపచోడవరం వచ్చి, అక్కడి నుంచి పడవలు బయల్దేరే గండి పోశమ్మ గుడి దాకా ప్రయాణం! పడవ టికెట్ మళ్లీ మేమే కొనుక్కోవాలన్నారు. పాపికొండలు చూడాలంటే ఎవరైనా నేరుగా అక్కడికే వెళ్లి పడవెక్కొచ్చు, మధ్యలో వీళ్లెందుకు?

డబ్బు సంగతి వదిలేసినా, టెంట్ల విషయం వదిలేసేది కాదు. వాగు ఇసుక మీద, నీటికి పది అడుగుల దూరంలో వేశారు. ఆ సాయంత్రం మా నెత్తిన చినుకు లేదు గానీ పైన కొండల మీద మాత్రం మబ్బు నల్లగా పట్టింది. ఏజెన్సీ, అంటే గిరిజన కొండ ప్రాంతపు వాగులతో చిక్కు అక్కడే ఉంది. వాన ఎక్కడో పడుతుంది, నీళ్లు ఇక్కడికి వస్తాయి. రాళ్ల మధ్య తేటగా పారే నీళ్లకి ఎర్రరంగు తిరిగి, ఆకులు, పుల్లలు కొట్టుకురావడం మొదలైందంటే ఇక ఆలోచించకూడదు, గట్టు ఎక్కేయాలి. మా గైడ్ 'ఏం కాదు, టెన్షన్ పడకండి' అంటూనే ఉన్నాడు. మేం మాత్రం వినకుండా సామాన్లు మోసుకుని పైకి వచ్చేశాం. తెల్లారేసరికి టెంట్లు వేసిన చోట ఇసుక కనిపించలేదు. 2024 సెప్టెంబరులో జలతరంగిణి జలపాతం దగ్గర వైద్య విద్యార్థులు కొట్టుకుపోయి చనిపోయింది కూడా ఈ మారేడుమిల్లిలోనే.

అందుకే వర్షాకాలంలో 'రివర్ వ్యాలీ క్యాంపింగ్' అని కనిపిస్తే ధర ఎంత తక్కువైనా ఆ పక్కకు పోవద్దు. గోదావరి వైపు వెళ్లేవాళ్లు భద్రాచలం నీటిమట్టం చూసుకోండి. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. వరద ఉంటే పర్యాటక పడవలు ఎలాగూ ఆపేస్తారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగింది కూడా వరద రోజుల్లోనే. అలాంటి తేదీలకు పడవ కలిపి ప్యాకేజీ అమ్ముతున్నాడంటే, అది రద్దవుతుందని తెలిసే అమ్ముతున్నాడనుకోండి. 'నాన్ రిఫండబుల్' అనే మాట కింద చిన్న అక్షరాల్లో ఎలాగూ ఉంటుంది.

పోస్టర్ ఫోటోలు కూడా కాస్త పరీక్షగా చూడండి. మాకు పంపిన వాటిలో ఒకటి తేయాకు తోట. మారేడుమిల్లి చుట్టుపక్కల కనిపించేవి కాఫీ, మిరియాలు, రబ్బరు. ఇంకోటి 'గుడిసె' అనే చోట గడ్డికొండల మీద మంచు. అది శీతాకాలం తెల్లవారుజామున, అదీ జీపులో పైకి వెళ్లినవాళ్లకి దొరికే దృశ్యం. దాన్ని ట్రెక్ ఫోటోగా ఎలా పెట్టారో వాళ్లకే తెలియాలి.

నడవాలనే ఉంటే అటవీశాఖ ఆధ్వర్యంలో స్థానిక గిరిజనులు నడిపే ఎకో టూరిజం బసలు అక్కడ ఉన్నాయి. ఏ దారిలో నడవనిస్తారో, ఎవరు తోడు వస్తారో వాళ్లనే అడగండి. హంగులు ఉండవు, అడవి తెలిసిన మనిషి ఉంటాడు. దోమతెర మాత్రం మీరే పట్టుకెళ్లండి, అది ఏజెన్సీ, మలేరియా ఉన్న ప్రాంతం.

ప్రైవేటువాళ్ల దగ్గర కొంటే మీ పేర్లు, తేదీ, దారి రాసి ఉన్న అనుమతి పత్రం ముందే చేతికి రావాలి. సంస్థ పేరు ఒకటై, యూపీఐలో డబ్బు వెళ్లేది వేరే వ్యక్తి పేరు మీదకైతే అక్కడే ఆగిపోండి. జీఎస్టీ నంబరున్న బిల్లు అడిగితే 'వచ్చాక ఇస్తాం' అన్నారు మాకు. ఇప్పటికీ రాలేదు.

ఇప్పటికే మోసపోయినవాళ్లు 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. తేలకపోతే మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, అమ్మినవాడి ఊరికి పోనక్కర్లేదు. రెండేళ్లలోపు వేయాలి. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా ఉండదు. అయితే ముందు పోస్టర్, చాట్, పేమెంట్ అన్నిటికీ స్క్రీన్‌షాట్లు ఈ రోజే తీసి పెట్టుకోండి. మేం డబ్బు వెనక్కి అడిగిన మర్నాడే వాళ్ల పోస్టర్‌లో 'అటవీశాఖ అనుమతితో' అన్న లైను మాయమైంది.