ఏడంగుళాల ఖుకురీ: ఆరేళ్ల వాడకం తర్వాత

చిన్నప్పుడు మా వీధిలో రాత్రిళ్లు ఈల వేసుకుంటూ తిరిగే గూర్ఖా నడుముకి ఒక వంకర కత్తి ఉండేది. ఒక్కసారి పట్టుకోనివ్వమని ఎంత బతిమాలినా నవ్వేవాడే గాని ఇచ్చేవాడు కాదు. ఆ కోరిక 2019 నవంబరులో, నేపాల్ ట్రెక్కింగ్‌కి వెళ్లినప్పుడు తీరింది. దుకాణాల్లో వేలాడదీసినవి కాకుండా నా కొలతలతో ఒకటి చేయించుకున్నాను. మనం ఖుక్రీ అంటాం, అక్కడివాళ్లు ఖుకురీ అంటారు. నర్సీపట్నం దగ్గర మా మామగారి జీడితోటలోనూ, చలికాలం లంబసింగి వైపు గుడారం వేసుకున్నప్పుడూ ఇన్నాళ్లూ అదే నా పనికత్తి.

చిన్నది ఎందుకంటే, మామూలు ఖుకురీ అలుగు, అంటే పిడి పోగా మిగిలే కత్తి భాగం, పది అంగుళాల పైమాటే. వీపు (పదును లేని వైపు) దగ్గర 8 నుంచి 10 మిల్లీమీటర్ల మందం, బరువు ఆరేడు వందల గ్రాములు. దసైన్‌కి, అంటే నేపాలీల దసరాకి, వేట కొట్టడానికి సరే. నడుముకి కట్టుకుని నాలుగు గంటలు నడిస్తే మాత్రం తొడ వాచిపోతుంది.

ఇంకో కారణం చట్టం. మన ఆయుధ నిబంధనల్లో ఖుక్రీ పేరు పెట్టి మరీ ఉంది. అలుగు 9 అంగుళాల కంటే పొడవైనా, 2 అంగుళాల కంటే వెడల్పైనా ఆయుధం కింద లెక్క. ఇంటికీ వ్యవసాయానికీ చేసినవాటికి మినహాయింపు ఉంది గానీ, బస్సులో సంచీ తనిఖీ చేసే కానిస్టేబుల్‌తో ఆ వాదన పెట్టుకునే ఓపిక నాకు లేదు. పొడవు సంగతి అందరూ చూసుకుంటారు, వెడల్పే మర్చిపోతారు. ఖుకురీకి పొట్ట దగ్గర రెండంగుళాలు ఇట్టే దాటిపోతుంది. నాది 48 మిల్లీమీటర్ల దగ్గర ఆపించాను.

వెళ్లేముందు ఇంట్లో చెప్పుల డబ్బా అట్టలు కత్తిరించి నాలుగైదు నమూనాలు చేసుకున్నాను. చివరికి నచ్చినదాన్ని ప్లైవుడ్‌లో కోయించి వెంట తీసుకెళ్లాను. అలుగు 7 అంగుళాలు, పిడి 5 అంగుళాలు, మందం 6 మిల్లీమీటర్లు. పెద్దదాన్ని అన్నివైపులా సమంగా కుదిస్తే చిన్నది వచ్చేస్తుందని నా లెక్క.

కాఠ్‌మాండూలో ఆ కమ్మరి పెద్దాయన నా కాగితం వైపు సరిగ్గా చూడను కూడా చూడలేదు. ప్లైవుడ్ ముక్క తీసుకుని గాల్లో రెండుసార్లు విసిరి, "ఇది కూరలు కోసే చాకు అవుతుంది, ఖుకురీ అవదు భాయ్" అన్నాడు హిందీలో. నాకు రోషం వచ్చింది. రాత్రి గదిలో కూర్చుని లెక్కేస్తే ఆయన మాటే నిజం. పొడవు, వెడల్పు, మందం మూడూ మూడో వంతు చొప్పున తగ్గిస్తే, మిగిలే బరువు పదింట మూడు వంతులే. ఖుకురీ నరికేది వంపు ముందున్న బరువుతో. అది పోయాక వంకర ఒక్కటీ ఉండి ఏం లాభం? మర్నాడు వెళ్లి పొడవు, వెడల్పు నా మాట, మందం ఆయన మాట అని ఒప్పందానికొచ్చాం. వంపు దగ్గర 8 మిల్లీమీటర్లు ఉంచి, మొన వైపు సన్నగా దించాడు. మొత్తం 430 గ్రాములు తూగింది.

ఉక్కు లారీ కమాన్ పట్టీదే, మన కమ్మరులూ వాడేదే. గట్టిపడ్డానికి నీరు పెట్టే పద్ధతే వేరు. మనవాళ్లు తొట్టిలో ముంచుతారు. ఆయన ఎర్రగా కాలిన అలుగుని అంచు పైకి వచ్చేలా పట్టుకుని, టీ కెటిల్ లాంటి దాని ముక్కుతో సన్నటి ధార అంచు వెంబడి మాత్రమే పోశాడు. చుయ్‌మని ఆవిరి లేస్తోంది, అంచు నల్లబడుతోంది, వీపు ఇంకా ఎర్రగానే ఉంది. అందుకే ఈరోజుకీ పొట్ట దగ్గర ఆకురాయి పెడితే జారిపోతుంది, వీపు మీద పెడితే కరుస్తుంది. మొన కూడా కాస్త మెత్తనే. ఒకసారి రాయికి తగిలితే విరగలేదు, వంగింది. సుత్తితో కొట్టి సరిచేసుకున్నాను.

పిడి మొదట్లో అలుగు మీద ఉండే గంటుని కౌడీ అంటారు. ఆవు గిట్ట అనీ, శివుడి త్రిశూలం అనీ, రక్తం పిడి మీదకి కారకుండా అనీ తలొక కథ చెప్పారు. నా అనుభవంలో అది తాళ్లు ఇరుక్కునే చోటు. వద్దంటే ఆయన వినలేదు. అది లేకపోతే తన చేతి వస్తువు కాదట. పోనీలే అనుకున్నాను.

నేను తీసుకున్న నిర్ణయాల్లో బాగా కలిసొచ్చింది పిడి. పాత పద్ధతి పిడికి మధ్యలో ఒక కట్టు ఉంటుంది, గంటసేపు కొడితే వేళ్ల మధ్య బొబ్బలు లేస్తాయి. అది తీయించేశాను. చివర వెడల్పుగా విచ్చుకునే భాగం ఉంచమన్నాను. చెమట చెయ్యి జారినా అక్కడ ఆగుతుంది.

గొడవంతా లక్కతో వచ్చింది. అలుగుతో పాటే వచ్చే ఇనుముకి రెండువైపులా కర్ర పెచ్చులు, మధ్యలో లక్క, మీద మేకులు. రెండో ఏడు మే నెలలో విశాఖ ఎండలో కారు డిక్కీలో వదిలేశాను. సాయంత్రానికి లక్క మెత్తబడి, ఒక పెచ్చు వేలితో కదిలిస్తే కదులుతోంది. విప్పించి అరాల్డైట్‌తో అతికించుకున్నాక మళ్లీ ఆ బాధ లేదు. మన ఎండలకి మొదటే అది అడగాల్సింది.

ఇంకో తప్పు పూర్తిగా నాది. ఒకసారి బద్ధకించి, సైకిల్ చక్రం తొక్కుతూ సాన పట్టే అతనికి ఇచ్చాను. నిప్పురవ్వలు చిచ్చుబుడ్డిలా లేచాయి. చూస్తే మొనకి రెండంగుళాల ఇవతల నెమలిపింఛం నీలం. అంటే రాపిడి వేడికి అక్కడ ఉక్కు గట్టితనం చచ్చినట్టే. ఇప్పటికీ ఆ ముక్క నాలుగు దెబ్బలకే మొద్దుబారుతుంది. పైగా ఖుకురీ అంచు ఉబ్బెత్తుగా ఉండాలి, అతను చదును చేసేశాడు. బల్ల రాయి మీద ఈ వంపు నూరలేం. పాత మౌస్‌ప్యాడ్ మీద గరుకు కాగితం పరిచి వెనక్కి లాగుతూ నూరితే చాలు.

ఒరతో వచ్చే రెండు చిన్న కత్తులూ బరువని వద్దన్నాను. అందులో కర్దా అనే చిన్న చాకు లేకపోయినా ఏం కాలేదు, జేబులో చాకు ఉంది. చక్మక్ వదులుకున్నందుకు మాత్రం ఇప్పటికీ తిట్టుకుంటాను. అది పదును లేని ఉక్కు ముక్క. వెదురు కొట్టాక మడతపడ్డ అంచుని నిమిషంలో సరిచేస్తుంది. ఒర కూడా జాగ్రత్త. తీసేటప్పుడు పట్టు వీపు వైపే ఉండాలి. నేను అంచు వైపు పట్టుకుని లాగాను, కుట్లు తెగి బొటనవేలికి తగిలింది. ఆస్పత్రిలో మూడు కుట్లు. వానాకాలం ఆ తోలుకి బూజు పడుతుంది, సముద్రపు గాలికి అలుగు తుప్పు పడుతుంది. నూనె రాసి, ఒరలో కాకుండా గుడ్డలో చుట్టి పెడతాను.

పని సంగతికొస్తే, బొంగులో చికెన్‌కి వెదురు నరకడంలో దీనికి సాటి లేదు. మణికట్టు లావు సరుగుడు ఆరేడు దెబ్బల్లో తెగుతుంది. అంతకన్నా లావైతే రంపమే నయం. జీడి కొమ్మలు దించడానికి మామగారి కొడవలే మేలు. ఆ మాట ఆయన ఏటా ఒకసారైనా అంటారు: "మన కమ్మరి చేసిందానికన్నా దీనిలో ఏముందండీ అల్లుడుగారూ?"

అత్తగారు మాత్రం ఆ మాట అనరు. పనసపొట్టు కొట్టడానికి ఒకసారి సరదాగా ఇచ్చాను. ముందు బరువు వల్ల చెయ్యి ఎత్తితే చాలు, దెబ్బ దానంతటదే పడుతోందన్నారు. అప్పటినుంచి వేసవిలో నా ఖుకురీ వంటింట్లోనే ఉంటోంది, పిడి నిండా పనస జిగురు. ఎనిమిదంగుళాలది ఇంకొకటి చేయించుకుందామని కొత్త అట్ట కత్తిరించి మేకుకి తగిలించాను. ఈసారి చక్మక్ అడుగుతాను.