ఫీజు రీయింబర్స్‌మెంటు: పలాసలో ఒక కుటుంబం నాలుగేళ్ల అనుభవం

మా మేనల్లుడు 2021లో ఇంజనీరింగులో చేరిన నాటి నుంచి 2025లో చదువు ముగించే దాకా వాడి ఫీజు రీయింబర్స్‌మెంటు పనులన్నీ నేనే దగ్గరుండి చూసుకున్నాను. ఆ అనుభవంతో, పేద విద్యార్థుల కళాశాల ఫీజును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే కట్టే ఈ సేవ గురించి నా అభిప్రాయం రాస్తున్నాను. మా చెల్లెలు పలాసలో జీడి పిక్కల పరిశ్రమలో కూలి పని చేస్తుంది, ఉన్నది రెండెకరాల మెట్ట. ఈ పథకమే లేకపోతే ఆ ఇంటి నుంచి ఒక ఇంజనీరు వచ్చేవాడు కాడు. అందుకు మేము ఎప్పటికీ కృతజ్ఞులమే.

అర్హత నిబంధనలు కాగితం మీద స్పష్టంగానే ఉన్నాయి. కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షలు దాటకూడదు. మాగాణి పదెకరాలు, మెట్ట అయితే పాతికెకరాల లోపు ఉండాలి. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి గానీ, ఆదాయపు పన్ను కట్టేవారు గానీ ఉండకూడదు, పారిశుద్ధ్య కార్మికులకు మాత్రం మినహాయింపు ఉంది. టాక్సీ, ఆటో, ట్రాక్టరు తప్ప నాలుగు చక్రాల వాహనం పనికిరాదు. విద్యార్థికి 75 శాతం హాజరు తప్పనిసరి. చదివితే సబబుగానే అనిపిస్తుంది, చిక్కంతా వాటిని ఇంటికి అన్వయించే చోట వస్తుంది.

మొదటి ఏడాది దరఖాస్తుకు తల్లి వేలిముద్ర పెట్టే దగ్గరే ఆగిపోయాము. జీడి తొక్కలోని నూనె చేతి చర్మాన్ని తినేస్తుంది కాబట్టి ఆ పని చేసే ఆడవాళ్ల వేళ్ల కొసలు నల్లబడి, పొరలు పొరలుగా ఊడి, గీతలు అరిగిపోయి ఉంటాయి. మా చెల్లెలు వేలు తుడుచుకుని, కొబ్బరినూనె రాసి, మళ్లీ తుడిచి పెట్టినా యంత్రం మూడు సార్లు తిరస్కరించింది. నాలుగో రోజున ఎడమచేతి ఉంగరపు వేలు పలికింది. పలాస లాంటి ఊళ్లో ఇది ఎన్ని ఇళ్లలో జరిగి ఉంటుందో ఊహించండి.

రెండో ఏడాది దరఖాస్తు అనర్హమని వచ్చింది. కారణం, ‘కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగి’. చెల్లెలి మరిది పెళ్లయి, ఉద్యోగం వచ్చి విజయనగరంలో వేరు కాపురం పెట్టి మూడేళ్లయినా, హౌస్‌హోల్డ్ మ్యాపింగులో, అంటే ఏ ఇంట్లో ఎవరెవరు ఉన్నారో చెప్పే సచివాలయం నమోదులో మాత్రం ఇంకా ఈ ఇంటి మనిషే. సచివాలయంలో ఉన్న అమ్మాయి ఎంతో మర్యాదగా తెర మా వైపు తిప్పి చూపించి, ‘విడదీసే ఆప్షన్ మా లాగిన్‌లో రావట్లేదు బాబూ’ అంది. అది తేలడానికి అయిదు నెలలు పట్టింది. ఒక విడత డబ్బు రానే లేదు.

నిధులకు తగినట్టు నిబంధనలు మార్చుకోవడం తప్పని నేను అనను. ఖజానాలో లేని డబ్బు ఎవరూ ఇవ్వలేరు. అయితే మార్చే తీరులో న్యాయం ఉండాలి. 2012లో ఎంసెట్‌లో పదివేల లోపు ర్యాంకు వచ్చిన బీసీ, ఈబీసీ విద్యార్థులకు మొత్తం ఫీజు, మిగతా వారిలో ఎక్కువ మందికి 35,000 రూపాయల వరకే అని పరిమితి పెట్టారు, ఎస్సీ, ఎస్టీలకు మాత్రం ర్యాంకుతో పని లేకుండా పూర్తి ఫీజు కొనసాగించారు. ఆ పరిమితి బీసీ ఇళ్ల మీద బరువే వేసింది, కానీ చేతి నుంచి ఎంత పెట్టుకోవాలో చేరే ముందే లెక్క వేసుకోవచ్చు. 2019 తర్వాత పూర్తి ఫీజు అన్నారు, సంతోషించాము. 2020 డిసెంబరు 25న వచ్చిన 77వ నంబరు జీవోతో ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివేవారికి అది ఆగిపోయింది. ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయంలో సీటు దొరకని పేద విద్యార్థికి ఆ జీవో తర్వాత దారి మూసుకుపోయినట్టే.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా బాధించింది విడతల ఆలస్యం. డబ్బు తల్లుల ఖాతాలో పడిన రోజుల్లోనూ, 2024లో ప్రభుత్వం మారాక నేరుగా కళాశాలకే ఇస్తామన్నాక కూడా, బకాయి పడితే కళాశాల అడిగేది విద్యార్థినే. చివరి సెమిస్టరు హాల్‌టికెట్టు కోసం మా చెల్లెలు చెవి కమ్మలు కుదువ పెట్టింది. అర్హుడని రాసిచ్చి డబ్బు పంపకపోవడం, ఏ జీవోలోనూ రాయని అర్హత నిబంధన. దానికి అప్పీలు కూడా లేదు.

నా మట్టుకు ఈ సేవకు అయిదింటికి రెండున్నర ఇస్తాను. ఉద్దేశానికి, సచివాలయ సిబ్బంది ఓపికకు ఆ మార్కులు. 2.49 లక్షల ఆదాయానికి పూర్తి ఫీజు, 2.51 లక్షలకు సున్నా అనే పద్ధతి పోయి, ఆదాయం పెరిగే కొద్దీ సాయం మెట్టు మెట్టుగా తగ్గితే అంతే నిధులు మరింత న్యాయంగా అందుతాయి. ఆ ఏడాది ఎంత ఇవ్వగలరో కౌన్సెలింగులో కళాశాలలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లకు ముందే ప్రకటించాలి. చేరిన ఏడాది ఉన్న నిబంధనే కోర్సు పూర్తయ్యే దాకా వర్తించాలి.

ఈ ఏడాది దరఖాస్తు చేసేవారు సీటు వచ్చే దాకా ఆగకుండా ఇప్పుడే సచివాలయానికి వెళ్లి, మీ మ్యాపింగులో ఎవరెవరి పేర్లు ఉన్నాయో చూపించమని అడగండి. జీడి పనికి వెళ్లేవారు వేలిముద్ర ఇవ్వడానికి ముందు నాలుగైదు రోజులు పని మానుకోగలిగితే పొర కాస్త తిరిగి కడుతుంది, మా చెల్లెలికి ఆ తర్వాతి ఏడాది అలాగే పలికింది.