టెంపెస్ట్ నాటి స్లివర్ డెక్: ఇన్నేళ్లు ఆడాక

నా దగ్గరున్న మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆట డెక్కుల్లో ఇప్పటికీ చేతులు దురద పెట్టేలా ఆడాలనిపించేది ఒక్కటే. 1997 అక్టోబరులో వచ్చిన టెంపెస్ట్ సెట్‌లోని స్లివర్లనే జీవాల కార్డులతో కట్టుకున్న డెక్ అది. దాచుకుందామని కొన్న ఖరీదైన కార్డులు చాలావరకు ఎప్పుడో అమ్మేశాను. ఇది మాత్రం అంచులు తెల్లబడి, మూలలు మొద్దుబారి, ఇస్తానన్నా ఎవరూ తీసుకోని స్థితిలో నా దగ్గరే ఉండిపోయింది.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. రిచర్డ్ గార్ఫీల్డ్ అనే గణిత శాస్త్రజ్ఞుడు తయారుచేసిన ఆట ఇది. 1993 ఆగస్టులో వచ్చింది. ఇద్దరు ఆడతారు, ఒక్కొక్కరికి 20 ప్రాణాలు. రమ్మీలో అందరికీ పేక ఒకటే. ఇక్కడ ఎవరి పేక వాళ్లు ఇంటి దగ్గరే పేర్చుకుని రావాలి. కనీసం 60 కార్డులుండాలి, మామూలు భూముల కార్డులు తప్ప ఏ కార్డూ నాలుగుకి మించకూడదు. భూముల నుంచి ఐదు రంగుల్లో మానా అనే శక్తి వస్తుంది, కార్డు రంగుకి సరిపోయే మానాని ఖర్చుపెట్టి జీవాల్ని, మంత్రాల్ని దించుతాం. అంతే, మిగతాదంతా కార్డు మీదే రాసి ఉంటుంది.

స్లివర్లంటే సూది తల, పొడుగు తోక, ఒకే ఒక్క పంజా ఉన్న వింత జీవాలు. బొమ్మలు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. వీటి ప్రత్యేకతల్లా ఒక్కటే, ఒకదానికి వచ్చిన విద్య అన్నిటికీ వస్తుంది. వింగ్డ్ స్లివర్ దిగితే అన్నిటికీ రెక్కలొస్తాయి. హార్ట్ స్లివర్ దిగితే అన్నీ వచ్చిన క్షణమే దాడికి దిగుతాయి. మజిల్ స్లివర్ దిగితే అన్నిటికీ బలం, అంటే కొట్టే దెబ్బ, ఒకటి పెరుగుతుంది.

ఆ మజిల్ స్లివర్ లెక్క చూడండి. కార్డు మీద ముద్రించిన బలం ఒకటి. తనకి తానే ఒకటి కలుపుకుంటుంది కాబట్టి ఒంటరిగా ఉన్నా రెండు. రెండోది పక్కన చేరితే చెరో మూడు, మొత్తం ఆరు. మూడు దిగితే పన్నెండు. నాలుగూ దిగితే ఒక్కోటి ఐదు, అంటే సరిగ్గా ఇరవై. ఎదుటివాడి ప్రాణాలూ ఇరవయ్యే! నాలుగు కార్డుల హద్దు, ఇరవై ప్రాణాల లెక్క ఇలా అతికినట్టు సరిపోవడం కావాలని చేశారో, అలా కుదిరిందో గానీ, నాలుగో మజిల్ స్లివర్ చేతికొచ్చినప్పుడు కలిగే ఆనందం వేరే ఏ డెక్‌లోనూ నాకు దొరకలేదు.

అమెరికాలో ఎం.ఎస్. చేసే రోజుల్లో నాకు ఇది దక్కడానికి అసలు కారణం ధర. లోపల ఏ కార్డులున్నాయో తెలియకుండా కొనే బూస్టర్ ప్యాకెట్టు అప్పట్లో సుమారు మూడు డాలర్లు. పదిహేను కార్డుల్లో పదకొండు కామన్లు, మూడు అన్‌కామన్లు, ఒక్కటే రేర్. డబ్బున్నవాళ్లు రేర్ల వెంట పడితే, మజిల్, వింగ్డ్, హార్ట్, టాలన్ లాంటి నా స్లివర్లన్నీ కామన్లే. ఆటల దుకాణంలో చిల్లరకి అమ్మే కామన్ల డబ్బా ముందు కూర్చుని ఏరుకుంటే చాలు, డెక్ తయారైపోయేది. ఇంకో సంగతి, టెంపెస్ట్ కార్డుల మీద సెట్ గుర్తు అన్నిటికీ నల్లగానే ఉంటుంది. ఏది రేరో రంగుని బట్టి చెప్పే పద్ధతి 1998 జూన్‌లో ఎక్సోడస్ నుంచే మొదలైంది. అంతకుముందు ఏది విలువైనదో తెలియాలంటే స్క్రై, ఇన్‌క్వెస్ట్ పత్రికల్లో ధరల పట్టిక చూడాల్సిందే. రూమ్మేట్లం నలుగురం ఒక్క పత్రిక కొని, అది చిరిగేదాకా తిరగేసేవాళ్లం.

ఇక లోపాలు. ఐదు రంగుల స్లివర్లూ పెట్టుకోవాలని ఎవరికైనా ఆశ పుడుతుంది. పెట్టుకుంటే చేతిలో ఎర్ర స్లివర్, బల్ల మీద పచ్చ భూమి, ఇక ముక్క పడదు. సిటీ ఆఫ్ బ్రాస్ అనే భూమి ఏ రంగైనా ఇస్తుంది గానీ వాడిన ప్రతిసారీ మనకే ఒక దెబ్బ. అలాంటిదే జెమ్‌స్టోన్ మైన్ మూడుసార్లు వాడాక చేజారిపోతుంది. చాలాకాలం ఐదు రంగులతో ఆడి, చివరికి పచ్చ, తెలుపు, నీలం మూడింటికే దిగాను. 1998 మార్చిలో వచ్చిన స్ట్రాంగ్‌హోల్డ్ సెట్‌లోని క్రిస్టలైన్ స్లివర్ ఈ రంగుల్లోకే వస్తుంది. అది ఉంటే స్లివర్లలో దేన్నీ గురిపెట్టి మంత్రం వేయడం ఎవరి వల్లా కాదు, మన వల్ల కూడా. అయితే రాత్ ఆఫ్ గాడ్ అనే తెల్ల మంత్రం ఎవర్నీ గురిపెట్టదు, బల్ల మీదున్న జీవాలన్నిటినీ ఒకేసారి తుడిచేస్తుంది. తెల్ల డెక్ వాడు నాలుగు భూములు పరిచాడంటే నాకు ఇప్పటికీ టెన్షనే.

రూల్సు మారినప్పుడల్లా ఈ డెక్ స్వభావం కూడా మారింది. 1999లో ఆరో ఎడిషన్‌తో స్టాక్ పద్ధతి (వేసినవన్నీ ఒకదానిమీద ఒకటి పేరుకుని, చివరిది ముందు జరగడం) వచ్చాక నెమోనిక్ స్లివర్‌కి రాజయోగం పట్టింది. దెబ్బ ఖాయమయ్యాక, అది తగిలేలోపు, రెండు మానా కట్టి ఆ దెబ్బ కొట్టే స్లివర్‌నే బలిచ్చి ఒక కార్డు తీసుకునే వీలుండేది. దెబ్బకి దెబ్బా తగిలేది, కార్డుకి కార్డూ వచ్చేది. 2009లో ఆ వెసులుబాటు తీసేశారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి సులువైన మాట నిజమేగానీ, నా మటుకు ఆటలో ఉప్పు తగ్గింది. అదే ఏడాది మానా బర్న్ కూడా పోయింది. వాడని మానా ఒంటికి తగలడం అనే ఆ రూలు పోయినందుకు మాత్రం నాకు బెంగ లేదు.

పాత స్లివర్లలో నాకు అన్నిటికన్నా నచ్చేది కొత్తవాళ్లు లోపం అనుకునే విషయమే. పాత కార్డుల మీద 'అన్ని స్లివర్లు' అని ఉంటుంది, 'నీ స్లివర్లు' అని కాదు. 2013లో వచ్చినవాటి నుంచి సొంత స్లివర్లకే లాభం అని మార్చారు. విశాఖ తిరిగొచ్చాక ఎదురుగా కూర్చుని ఆడేవాళ్లు లేక, ఉన్న స్లివర్లని రెండు డెక్కులుగా పంచి మా మేనల్లుడికి నేర్పాను. "పిల్లాడికి పేకాట నేర్పుతున్నావట్రా?" అని మా అమ్మ గొడవ ఒక పక్క. నేను వింగ్డ్ స్లివర్ దించగానే వాడు అడిగాడు.

"మామయ్యా, రెక్కలు నీవి కదా, నావెందుకు ఎగురుతున్నాయి?"

"కార్డు చదువు. నీవీ నావీ అని ఉందా?"

వాడు రెండుసార్లు చదివాడు. తర్వాత నా మజిల్ స్లివర్ వంక చూశాడు. చేతిలో లైట్నింగ్ బోల్ట్ అనే పిడుగు మంత్రం పెట్టుకుని కూడా దాన్ని చంపలేదు. వాడి స్లివర్లు నాకన్నా ఎక్కువున్నాయి, నా కార్డు వల్ల వాడికే లాభం మరి. నన్ను నా కండతోనే కొట్టి గెలిచాడు. శత్రువు బలం మీద కన్నేసి, దాన్ని కాపాడుకుంటూ ఆడాల్సిన ఇలాంటి చిక్కు కొత్త స్లివర్లతో రాదు. కొత్త, పాత కలిపి ఆడకపోవడమే మంచిదని నా సలహా. కలిపితే ప్రతి కార్డూ రెండుసార్లు చదువుకోవాల్సి వస్తుంది.

అట్ట నాణ్యత గురించి ఫిర్యాదు లేదు. మొదట్లో స్లీవులు (ప్లాస్టిక్ తొడుగులు) లేకుండా బల్ల మీద బరబరా కలిపి ఆడినవే ఇవన్నీ. నల్ల అంచు కావడంతో అరుగుదల బాగా కనిపిస్తుంది గానీ, ఒక్క కార్డూ పొరలు విడలేదు. సముద్రపు గాలి తేమకి నా ఫాయిల్ కార్డులు మాత్రం వంకర్లు పోయాయి. కాగితం తేమ పీలుస్తుంది, మీది మెరుపు పొర పీల్చదు, దాంతో కార్డు ఒక పక్కకి వంగుతుంది. టెంపెస్ట్ నాటికి ఫాయిళ్లే లేవు, అవి ప్యాకెట్లలోకి 1999లో అర్జాస్ లెగసీ సెట్‌తో వచ్చాయి. అందువల్ల నా స్లివర్లు బతికిపోయాయి. ఇప్పుడు స్లీవులు తొడిగి, మూత గట్టి డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచుతున్నాను.

ఇవాళ ఎవరైనా ఈ డెక్ కట్టుకోవాలంటే కామన్లకి పెద్దగా ఖర్చవదు. స్లివర్ క్వీన్ జోలికి మాత్రం పోవద్దు. మళ్లీ ముద్రించబోమని మాటిచ్చిన రిజర్వ్‌డ్ లిస్ట్‌లో ఉంది కాబట్టి దాని ధర వందల డాలర్లు. ఐదు రంగుల మానా ఉంటేగానీ అది దిగదు, దిగేసరికి ఆట సగం అయిపోతుంది. అయినా కొనాలనుంటే ముందు కార్డు వెనక్కి తిప్పండి. వెనకవైపు ఐదు రంగుల చుక్కలుంటాయి. అందులో పచ్చదాన్ని భూతద్దంతో చూస్తే అసలు కార్డులో ఎల్ ఆకారంలో నాలుగు చిన్న ఎర్ర చుక్కలు కనిపించాలి. అమ్మేవాళ్లని ఆ ఫొటో దగ్గరగా తీసి పంపమనండి. పంపనంటే వదిలేయండి.