ఫ్రోజెన్ ఎలుకలు చాలాకాలం వాడాక: సరుకు ఓకే, ప్యాకెట్ మీద సైజు మాత్రం నమ్మకండి

మా పెంపుడు పాము బాల్ పైథాన్‌కి (చిన్న రకం కొండచిలువ) పిల్లప్పటినుంచీ ఫ్రోజెన్ ఎలుకలే, అంటే చంపి గడ్డకట్టించి అమ్మేవే పెడుతున్నా. లైవ్ మంచిదా ఫ్రోజెన్ మంచిదా అనే పాత గొడవలోకి నేను వెళ్ళను, అది ఎప్పటికీ తెగదు. నా కడుపుమంట అంతా ప్యాకెట్ మీద రాసే ఆ పేర్ల మీదే. పప్ అంట, ఫజ్జీ అంట, వీనర్ అంట, స్మాల్ అంట, మీడియం అంట, చిన్న పిల్ల నుంచి పెద్ద ఎలుక దాకా వరసగా సైజులకి పెట్టిన పేర్లివి. గ్రాముల్లో రాయడానికి ఏం రోగమో అర్థం కాదు. ఒకళ్ళ స్మాల్ 50 గ్రాములు ఉంటది, ఇంకొకళ్ళ స్మాల్ 80 దాటిపోద్ది, పోనీ ఒకే ప్యాకెట్లో అయినా అన్నీ ఒకలా ఉంటాయా అంటే అదీ లేదు.

పాము చిన్నప్పుడు ఇదంతా పట్టించుకునే పని పడలేదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల 60 గ్రాములు అటూ ఇటూ ఉంటది, దాని బరువులో 10 నుంచి 15 శాతం ఉన్న ఎలుక పిల్లని పెడితే చాలు, పెరిగే వయసు కదా, కొంచెం ఎక్కువ తక్కువైనా అరాయించుకునేది. అసలు తంటా పాము 500 గ్రాములు దాటాకే. అప్పట్నుంచీ శాతం తగ్గించుకుంటూ రావాలి, భోజనాల మధ్య గ్యాప్ పెంచుకుంటూ పోవాలి, సరిగ్గా అప్పుడే ఎలుకల సైజుల్లో తేడాలు కూడా పదుల గ్రాముల్లోకి వెళ్ళిపోతాయి.

మాది 600 గ్రాముల దగ్గర ఉన్నప్పుడు జరిగింది ఇది. ఎప్పుడూ తెప్పించుకునే వాళ్ళ దగ్గర స్టాక్ లేక వేరే చోట నుంచి అదే స్మాల్ తెప్పించా. పాము నడుములో లావుపాటి చోటుకి సమానంగా ఎలుక ఉంటే చాలు అని అందరూ చెప్పే కొలత ఉంది కదా, దాని ప్రకారం చూసినా సరిగ్గానే ఉంది, కాకపోతే కొంచెం పొడుగు. పాము కూడా ఏం ఇబ్బంది పడలేదు, ఎప్పటిలాగే పట్టుకుని చుట్టేసి తల వైపు నుంచి మింగేసింది. మూడో రోజు రాత్రి గదిలోకి వెళ్తే కంపు. ఆ వాసన తెలిసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. కక్కేసింది. తల, భుజాల దాకా కరిగిపోయింది, వెనక కాళ్ళూ తోకా మాత్రం దాదాపు అలాగే ఉన్నాయి. లోపలికి ముందు వెళ్ళేది తలే కాబట్టి అరిగేది కూడా అదే ముందు.

పాము ఉండే పెట్టెలో వేడి వైపు చూశా, 32 డిగ్రీలు, థర్మోస్టాట్ బానే ఉంది. చల్ల వైపు కూడా మామూలే. తిన్నాక ఎవరం ముట్టుకోలేదు. అప్పుడు ఫ్రీజర్లో మిగిలినవి తీసి ఒక్కోటీ కాటా మీద పెడితే, చిన్నది 70 గ్రాములు, పెద్దది 115! ఒకే ప్యాకెట్, ఒకే పేరు. 600 గ్రాముల పాముకి 115 అంటే దాని బరువులో ఐదో వంతుకి దగ్గర. నడుము కొలతలో ఈ తేడా కనపడదు, ఎందుకంటే ఎలుక లావుగా కాకుండా పొడుగ్గా పెరిగితే బరువు దొంగచాటుగా వచ్చేస్తది.

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే పెంట పరీక్ష చేశారు, పురుగులేం లేవు. కక్కినప్పుడు ఆమ్లం కూడా పైకొచ్చి ఆహార నాళం దెబ్బతింటది, అది తేరుకునే దాకా కనీసం రెండు వారాలు నీళ్ళు తప్ప ఏం పెట్టొద్దు, తర్వాత మామూలు సైజులో సగంతో మొదలుపెట్టమన్నారు. అలాగే పెట్టా, తింది, నిలిచింది. హమ్మయ్య అనుకునే లోపే తిండి మానేసింది. మగది, పైగా బ్రీడింగ్ సీజన్, ఆ టైంలో నెలల తరబడి తినకపోవడం వీటికి మామూలే కాబట్టి దీనికీ ఆ కక్కుడికీ సంబంధం ఉందో లేదో ఖచ్చితంగా చెప్పలేను. వారం వారం బరువు చూస్తూ వచ్చా, తగ్గింది 10 శాతం లోపే ఉంది, అందుకే బలవంతం ఏం చెయ్యలేదు. మళ్ళీ మొదలుపెట్టింది మాత్రం వీనర్ సైజుతోనే, అది కూడా ఎలుక తల బాగా వేడిగా ఉన్నప్పుడే. పాము తన పై పెదవి వెంట ఉండే గుంటలతో వేడిని పట్టేస్తది కదా, ఎలుక ఒళ్ళంతా గోరువెచ్చగా ఉండి తల చల్లగా ఉంటే అసలు చూడదు. వేడి నీళ్ళలో కవరుతో సహా ఉంచి, చివర్లో హెయిర్ డ్రయ్యర్ తల మీద పెడతా. మైక్రోవేవ్ జోలికి మాత్రం పోకండి, ఎలుక పేలుద్ది.

ఇంకో మంచి విషయం బయటపడింది. ఒక పెద్దదాని బదులు రెండు చిన్నవి పెడితే మాది రెండోది కూడా వెంటనే పట్టేస్తుంది. అందరి పాములూ అలా చెయ్యవు, కొన్ని ఒకటి తినగానే దూరిపోయి పడుకుంటాయి. అన్నట్టు నైజీరియా అడవుల్లో ఇదే జాతి పాముల్ని చూసినప్పుడు 70 సెంటీమీటర్ల లోపు ఉన్నవి ఎక్కువగా పక్షుల్నే తింటున్నాయి, మీటరు దాటినవి ఎలుకలాంటి జంతువులకి మారుతున్నాయి. అంటే సైజుని బట్టి మెనూ మార్చుకోవడం వాటికే తెలుసు, ప్యాకెట్ కట్టేవాళ్ళకే తెలీదు.

ఫ్రోజెన్ అంటే తలనొప్పి ఉండదు అని మొదట్లో అందరికీ నేనే చెప్పేవాణ్ణి. ఎలుక పాముని కరవదు, అది ఇప్పటికీ నిజమే. మిగతాదానికి ఇప్పుడు కాటా, మార్కర్, ఒక్కోదానికి ఒక్కో కవరు కావాలి, ప్యాకెట్ రాగానే కూర్చుని తూకం వేసి గ్రాములు రాసుకోవాలి. ఎక్కువ సరుకు ఒకేసారి తెచ్చుకోవడం కూడా తగ్గించా, నెలల తరబడి ఉన్నవి ఎండిపోయి వాసన పోతుంది, అలాంటివి మాది వాసన చూసి పక్కకి తిరుగుద్ది.

నాకున్నది ఒక్క పాము, అది కూడా మొండి ఘటం, కాబట్టి నా మాట అంతవరకే తీసుకోండి. నాలుగైదు పాములు, వేర్వేరు సైజుల్లో ఉన్నవాళ్ళకి ఈ కలగాపులగం ప్యాకెట్లు కలిసొస్తాయేమో, ఏది ఎవరికి సరిపోతే వాళ్ళకి పెట్టేస్తారు. నాకు మాత్రం 70 పైనున్నవన్నీ దండగే. మీడియం అసలు కొనను, ఎందుకంటే మగది పూర్తిగా పెరిగి 1200 గ్రాములైనా 5 శాతం అంటే 60 గ్రాములే, నిజమైన స్మాల్ దొరికితే జీవితాంతం దానికి అదే సరిపోద్ది.