ఎన్‌కే కణాలకు ఊతం: ఐఎల్‌-2, ఇంటర్‌ఫెరాన్‌, ఐఎల్‌-15లలో ఏది మేలు?

హెచ్‌ఐవీ సోకినవారు ఏఆర్‌టీ మందులు (వైరస్‌ పెరగకుండా అడ్డుకునేవి) క్రమం తప్పకుండా వాడితే రక్తంలో వైరస్‌ పరీక్షకు అందనంతగా తగ్గిపోతుంది. అయితే రోగనిరోధక వ్యవస్థకు చెందిన కొన్ని సీడీ4 కణాల జన్యుపదార్థంలో కలిసిపోయిన వైరస్‌ మాత్రం నిద్రాణంగా మిగిలి, మందులు ఆపితే సాధారణంగా కొద్ది వారాల్లోనే మళ్లీ విజృంభిస్తుంది. అలా దాగిన కణాలను ఏరివేయగలవని పరిశోధకులు ఆశపెట్టుకున్నవాటిలో ఎన్‌కే కణాలు, అంటే సహజ హంతక కణాలు, ఒకటి. చిక్కేమిటంటే, అదుపులో లేని హెచ్‌ఐవీ వీటినే నీరసింపజేస్తుంది. వీటికి తిరిగి సత్తువనిచ్చే సంకేత ప్రోటీన్లలో (సైటోకైన్లలో) దేన్ని ఎంచుకోవాలన్నదే ప్రశ్న.

వీటిలో మనుషుల్లో విస్తృతంగా పరీక్షకు నిలిచింది ఇంటర్‌లూకిన్‌-2 (ఐఎల్‌-2). ఇది ఎన్‌కే కణాలను బాగా పెంచుతుంది గానీ, హెచ్‌ఐవీలో దీన్ని ప్రధానంగా సీడీ4 కణాల సంఖ్య కోసమే వాడి చూశారు. ఎస్‌ప్రిట్‌, సిల్‌కాట్‌ అనే రెండు పెద్ద పరీక్షల్లో కలిపి సుమారు 5,800 మంది పాల్గొనగా, 2009లో వెలువడిన ఫలితాల ప్రకారం సీడీ4 సంఖ్య పెరిగింది కానీ అవకాశవాద జబ్బులూ (రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు సోకేవి) మరణాలూ తగ్గలేదు. లెక్క పెరిగితే రక్షణ పెరిగినట్టేనన్న నమ్మకాన్ని ఇంత స్పష్టంగా దెబ్బతీసిన పరీక్షలు ఈ రంగంలో అరుదని నా అభిప్రాయం. పైగా ఐఎల్‌-2 రోగనిరోధక చర్యను అణచివేసే నియంత్రక టీ కణాలను కూడా పోషిస్తుంది.

ఇంటర్‌ఫెరాన్‌ ఆల్ఫా కథ వేరు. 2013లో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనంలో, ఏఆర్‌టీ ఆపి పెగిలేటెడ్‌ (ఒంట్లో ఎక్కువసేపు నిలిచేలా మార్చిన) ఇంటర్‌ఫెరాన్‌ ఒక్కదాన్నే కొనసాగించిన 20 మందిలో 9 మందికి 12 వారాల పాటు వైరస్‌ మిల్లీలీటరుకు 400 ప్రతుల లోపే నిలిచింది. అయితే కోతుల్లో జరిపిన ప్రయోగాల్లో ఇదే ప్రోటీన్‌ మొదట రక్షించి, ఆపై ఎడతెగకుండా ఇస్తే శరీరం దానికి స్పందించడం మానేసేలా చేసింది. జ్వరం, ఒళ్లునొప్పులు, మనోవ్యాకులత వంటి దుష్ప్రభావాలు దీన్ని పూర్వం హెపటైటిస్‌ సి కోసం వాడినవారికి కొత్తేమీ కాదు.

ఐఎల్‌-15 కూడా ఐఎల్‌-2 వాడుకునే గ్రాహకంలోని (కణం మీద సంకేతాన్ని అందుకునే ప్రోటీన్‌లోని) రెండు భాగాల మీదనే పనిచేస్తుంది. మూడో భాగం మాత్రం వేరు. అందువల్ల నియంత్రక టీ కణాలను అంతగా ప్రోత్సహించకుండానే ఎన్‌కే కణాలనూ, వైరస్‌ సోకిన కణాలను చంపే సీడీ8 కణాలనూ ఉత్తేజపరుస్తుంది. దీన్ని ఎక్కువసేపు నిలిచేలా మలచిన ఎన్‌-803 అనే మందుకు అమెరికాలో 2024లో ఒక రకం మూత్రాశయ క్యాన్సర్‌ చికిత్సకు అనుమతి లభించింది. హెచ్‌ఐవీ విషయానికి వస్తే, ఏఆర్‌టీ మీదున్న కొద్దిమందికి ఇచ్చి చేసిన తొలిదశ పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. ఎన్‌కే కణాలు చురుకయ్యాయి, మేల్కొనగల వైరస్‌ ఉన్న రక్తకణాలు స్వల్పంగా తగ్గాయి. సూది గుచ్చినచోట దద్దుర్లు ఎక్కువగా కనిపించాయి. కోతుల్లోనైతే ఈ మందు వల్ల పోరాట కణాలు శోషరస గ్రంథుల్లోని బీ కణాల గూళ్లలోకి కూడా చేరాయి. వైరస్‌ తలదాచుకునే ముఖ్యమైన చోటు అదే కాబట్టి, నాకు సంఖ్యల కన్నా ఈ అంశమే బరువైనదిగా తోస్తుంది.

కాబట్టి మూడింటిలో నా మొగ్గు ఐఎల్‌-15 వైపే, అదీ ఏఆర్‌టీని కొనసాగిస్తూనే. ఏఆర్‌టీని ఎందుకు ఆపకూడదంటే, ఐఎల్‌-15 విశ్రాంతిలో ఉన్న సీడీ4 కణాలను కూడా కదిలించి, అవి వైరస్‌కు మరింత సులువుగా లొంగిపోయేలా చేయగలదని ప్రయోగశాలలో తేలింది.